మన ఊళ్ల పేర్లు, కొత్త పటాలు

(నందిగామలో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మాకు ముందు మాట్లాడిన న్యాయవాద మిత్రులు వక్ఫ్ చట్టంలోని సెక్షన్లను వివరించారు. మేము న్యాయవాదులం కాము. ప్రభుత్వ కార్యాలయాలలో గుమాస్తాలుగా చేరి, దస్త్రాలు కట్టి, విప్పి, మళ్లీ కట్టి పదవీ విరమణ చేసిన కొద్దిమందిమి. మేము చెప్పదలచినది పేర్ల సంగతి. ఒక ఊరికి, ఆ ఊరి పక్కనున్న దిబ్బకు, దిబ్బమీది ఈద్గాకు, వాగు ఒడ్డున ఉన్న ఖబరస్తాన్‌కు జనం పిలిచే పేరు ప్రభుత్వ పటంలో ఏ విధంగా నమోదయింది, అసలు నమోదయిందా లేదా అన్నది మా విషయం. వినడానికి చిన్న విషయంగా తోస్తుంది. గత ఐదారేళ్లలో మన చుట్టూ జరిగినదానిని చూస్తే అంత చిన్నదని అనలేము.

2020 డిసెంబరు 21వ తేదీన రాష్ట్రమంతటా భూముల రీసర్వే మన జగ్గయ్యపేట మండలంలోని తక్కెళ్ళపాడు గ్రామం నుంచే మొదలయింది. అప్పటి ముఖ్యమంత్రి వచ్చి ప్రారంభించారు. సర్వే ఆఫ్ ఇండియా సహకారంతో డ్రోన్లు ఎగిరాయి, రోవర్లు పట్టుకొని సర్వేయర్లు చేలగట్ల మీద నడిచారు. సుమారు నూరేళ్ల క్రిందట గొలుసులు పట్టి కొలిచిన నేలను ఉపగ్రహ సంకేతాలతో మళ్లీ కొలిచారు. కొలత విషయంలో మాకు అభ్యంతరం లేదు. గొలుసు కంటే రోవర్ నయం. అయితే రీసర్వే పూర్తయిన గ్రామాలలో పాత సర్వే నంబరు పోయి, దాని స్థానంలో ల్యాండ్ పార్సెల్ నంబరు వచ్చింది. మన వాడుకలో ఎల్‌పీఎం నంబరు అంటున్నాము. పాత నంబరుకు ఏ కొత్త నంబరు వచ్చిందో తెలిపే పట్టిక ఉంటుంది. ఆ పట్టికను తెచ్చుకొని చూసిన మసీదు కమిటీలు ఎన్ని? ఈ సభలో చేతులు ఎత్తమని అడగము. సమాధానం మనకు తెలుసు.

ఇప్పుడు రెండో వైపు చూడండి. మన మసీదులు, దర్గాలు, ఆషూర్‌ఖానాలు, ఖబరస్తాన్‌ల జాబితా 1954 నాటి వక్ఫ్ చట్టం కింద జరిగిన సర్వే తరువాత గెజిట్‌లో అచ్చయింది. ఆ గెజిట్‌లో మన చిరునామా కృష్ణా జిల్లా, నందిగామ తాలూకా. ఆనాడు జగ్గయ్యపేట కూడా నందిగామ తాలూకాలోనిదే. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లా పేరు కూడా మారి మనం ఎన్‌టీఆర్ జిల్లా వాళ్లమయ్యాము. నేల అంగుళం కదలలేదు, తాలూకా, జిల్లా, నంబరు మూడూ మారాయి. గెజిట్ కాగితం పట్టుకొని ఈనాటి కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రవాడికి ఆ కాగితంలోని వివరాలలో దేనితోనూ ఆ స్థలం దొరకదు. అప్పుడు మిగిలేది ఒక్కటే, జనం పిలిచే పేరు.

మా వద్దకు వచ్చిన ఒక యువకుడు, నంబరు ఉండగా పేరు ఎందుకండీ అని అడిగాడు. మంచి ప్రశ్నే. మన ప్రాంతంలో చాలా ఊళ్లు ఒకప్పుడు జమీందారీ గ్రామాలు. వాటిలో మొదట పైమాషీ నంబర్లు ఉండేవి. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తరువాత సెటిల్‌మెంట్ జరిగి సర్వే నంబర్లు వచ్చాయి. సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్, అనగా మనం ఎస్‌ఎఫ్‌ఏ అనే రికార్డు అప్పటిదే. ఇప్పుడు ఎల్‌పీఎం నంబర్లు. మూడు తరాలలో మూడు నంబర్లు. ఆ యువకుడి తాత ఆ చోటును ఏమని పిలిచాడో అతడూ అదే పేరుతో పిలుస్తున్నాడు. మూడు నంబర్లను ఒక్క తాడుతో కట్టేది ఆ పేరే. కాబట్టి నంబరూ కావాలి, పేరూ కావాలి.

పేర్లు ఎలా నిలుస్తాయో, ఎలా పోతాయో మన ప్రాంతమే చక్కగా చూపిస్తుంది. జగ్గయ్యపేట పూర్వనామం బేతవోలు. వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేరిట పేట కట్టించారు. పేట పెరిగింది, బేతవోలు పేరు దానిలో కలిసిపోయింది. ఆ ఊరి పక్కనున్న గుట్టను జనం ధనబోడు అనేవారు. 1882లో జేమ్స్ బర్జెస్ అక్కడ తవ్వించినప్పుడు బౌద్ధ స్తూపం, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని కాలపు శాసనం బయటపడ్డాయి. ఆ గుట్టమీద బౌద్ధులు ఉండిన సంగతి జనం మరిచి ఎన్నో శతాబ్దాలయింది, అయినా గుట్ట పేరు నోటిలో ఉన్నది. ఆయన ఆ స్థానిక నామాన్ని కూడా తన నివేదికలో నమోదు చేశారు. అంతకు ముందే కాలిన్ మెకంజీ కావలి సోదరుల వంటి తెలుగు పండితులను వెంటబెట్టుకొని ఊరూరి కైఫీయతులు రాయించారు. ఆయన 1815లో భారతదేశ సర్వేయర్ జనరల్ అయ్యారు. నేలను కొలిచేవాడు పేరు కూడా అడగాలి అన్న జ్ఞానం ఆ కాలం వారికి ఉండినది. డ్రోన్‌కు అడగడం రాదు.

మరో వైపు, పాత దస్త్రాలలో కొండపల్లి సర్కారుకు ముస్తఫానగర్ అని, గుంటూరు సర్కారుకు ముర్తజానగర్ అని పేర్లు కనబడతాయి. ఆ రెండు పేర్లు నేడు ఏ బస్సు బోర్డుమీదా లేవు. వాటిని ఎవరో పగబట్టి తుడిచివేశారని మేము అనము. అవి దర్బారు పేర్లు. జనం కొండపల్లినే పిలిచారు, గుంటూరునే పిలిచారు. అదే జగ్గయ్యపేట మండలంలో షేర్‌మహమ్మద్‌పేట ఉన్నది. ఆ పేరును రైతు పిలిచాడు, బండివాడు పిలిచాడు, హిందువు పిలిచాడు, క్రైస్తవుడు పిలిచాడు. అది నేటికీ రెవెన్యూ గ్రామం పేరు. అయితే ఇంగ్లీషులో దాన్ని ఒకరు ఒకే మాటగా, మరొకరు రెండు మాటలుగా, ఇంకొకరు మూడుగా రాస్తే, మహమ్మద్ అనేదానిని తలా ఒక అక్షరక్రమంతో రాస్తే, కంప్యూటర్‌కు అవి వేరువేరు ఊళ్లు. మనిషి చదివి సర్దుకుంటాడు, యంత్రం సర్దుకోదు. అందుకే ప్రతి గ్రామానికి జనగణన కోడ్, స్థానిక ప్రభుత్వ డైరెక్టరీ కోడ్ ఉన్నాయి. దరఖాస్తుమీద ఊరి పేరుతోపాటు ఆ కోడ్ కూడా రాయడం అలవాటు చేసుకోవాలి.

ఒకే పేరున్న ఊళ్ల చిక్కు కూడా మనకే ఎక్కువ. జగ్గయ్యపేట మండలంలో పోచంపల్లి ఉన్నది. ఫోన్‌లో వెదికితే తెలంగాణలోని పట్టుచీరల పోచంపల్లికి దారి చూపుతుంది. మన తిరుమలగిరి ఉన్నది, సూర్యాపేట వైపు తిరుమలగిరి ఉన్నది, సికింద్రాబాద్‌లో మరో తిరుమలగిరి ఉన్నది. తక్కెళ్ళపాడు గుంటూరు జిల్లా పెదకాకాని మండలంలోనూ ఉన్నది. మండలం, జిల్లా రాయకుండా ఊరి పేరు మాత్రమే రాసిన దరఖాస్తు ఎక్కడికి పోతుందో ఊహించండి.

పరిటాల సంగతి ఒకటి చెప్పి ముందుకు పోతాము. నిజాం 1766లో ఉత్తర సర్కారులను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చినప్పుడు వజ్రాల గనులున్న పరిటాల చుట్టుపక్కల గ్రామాలను తన చేతిలోనే ఉంచుకున్నారు. 1948 దాకా ఆ ఊళ్లు కృష్ణా జిల్లా మధ్యలో హైదరాబాదు సంస్థానపు తునకగా ఉన్నాయి. గని ఆత్కూరు అనే పేరులోని గని ఆ చరిత్రను నేటికీ చెబుతున్నది. కాబట్టి ఆ వైపు గ్రామాల ఇనాం కాగితాలు వెదికేవారు బందరులో దొరకలేదని ఊరుకోరాదు. హైదరాబాదులోని పత్రాగారం వైపు కూడా చూడవలసి ఉంటుంది. ఆ కాగితాలు ఫారసీలో, ఉర్దూలో ఉంటాయి. మనలో ఆ లిపి చదవగలిగే పెద్దలు ఎందరు మిగిలారో లెక్కపెట్టుకోవడానికి రెండు చేతుల వేళ్లు చాలు.

ఇక పణంగా ఉన్నది ఏమిటో చెబుతాము. 2025 వక్ఫ్ సవరణ చట్టం ఆ సంవత్సరం ఏప్రిల్ 8న అమలులోకి వచ్చింది. జూన్ 6న ఉమీద్ పోర్టల్ మొదలయింది. ప్రతి వక్ఫ్ ఆస్తి వివరాలను హద్దులతో, అక్షాంశ రేఖాంశాలతో సహా ఆరు నెలలలో ఎక్కించాలన్నారు. గడువు పొడిగించాలన్న విన్నపాన్ని డిసెంబరు 1న సుప్రీంకోర్టు అంగీకరించలేదు, ట్రైబ్యునల్‌కు వెళ్లమన్నది. డిసెంబరు 6న గడువు ముగిసేనాటికి దేశం మొత్తంమీద 5,17,040 ఆస్తుల నమోదు మొదలుపెట్టగా, అనుమతి పొందినవి 2,16,905 అని కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. పరిశీలనలో తిరస్కరించినవి 10,869. ఏ ఏ కారణాలతో తిరస్కరించారో ఆ అంకె చెప్పదు. కానీ మా కళ్లముందు ఆగిపోయిన దరఖాస్తులలో పేర్లు కలవకపోవడమే ప్రధాన కారణం.

ఒక ఉదాహరణ చెబుతాము. నందిగామ డివిజన్‌లోని ఒక గ్రామం. ఊరి పేరు చెప్పము, వ్యవహారం ఇంకా నడుస్తున్నది. అక్కడ ఎకరం ఇరవై సెంట్ల ఖబరస్తాన్ ఉన్నది. గెజిట్‌లో ఇంగ్లీషులో ముస్లిం శ్మశాన స్థలమని ఉన్నది. ఎస్‌ఎఫ్‌ఏలో సాయెబుల శ్మశానము అని ఉన్నది. అడంగల్ కంప్యూటర్‌లోకి ఎక్కేసరికి పేరు గడిలో పోరంబోకు అని మాత్రమే మిగిలింది. రీసర్వే తరువాత వచ్చిన కొత్త రికార్డులో ప్రభుత్వ భూమి అని వచ్చింది. నాలుగు మెట్లు, ఒక్కొక్క మెట్టు దగ్గర ఒక్కొక్క మాట రాలిపోయింది. ఎవరో కుట్ర చేశారనడానికి మాకు ఆధారం కనబడలేదు. గుమాస్తా చేతిలో గడి చిన్నది, మాట పొడవుది, అందులో పట్టినంత రాశాడు. కానీ సవరణ చట్టం ప్రకారం వాడుక వలన వక్ఫ్ అయి 2025 ఏప్రిల్ 8 నాటికి నమోదై ఉన్న ఆస్తి నిలుస్తుంది, వివాదంలో ఉన్నా, ప్రభుత్వ భూమి అయినా నిలవదు. ఇప్పుడు ఆ ప్రభుత్వ భూమి అన్న రెండు మాటల బరువు ఎంతో మీరే తూచండి.

ఆ గ్రామానికి మేము వెళ్లినప్పుడు హద్దు రాళ్లు చూపినది ముస్లిం కాదు. పూర్వం తలారిగా పనిచేసిన దళితవాడ పెద్దాయన. ఎనభై దాటినవాడు, కర్ర పట్టుకొని తుమ్మచెట్ల మధ్యకు నడిచి కాలితో మట్టి గీరి రాయి చూపించాడు. "ఇది సాయెబుల మట్టి బాబూ. మా నాయన కాలం నుంచి ఇక్కడ గోతులు తవ్వింది మేమే. సర్కారుది ఎట్లా అవుద్ది?" అన్నాడు. ఆయన మాటను వాఙ్మూలంగా రాసి, చదివి వినిపించి, వేలిముద్ర తీసుకున్నాము. గ్రామసభలో హిందూ, క్రైస్తవ పెద్దలు కూడా సంతకాలు చేశారు. సవరణ దరఖాస్తు అధికారుల ముందు ఉన్నది. అటువంటి పెద్దాయనలు ప్రతి ఊరిలో ఒకరో ఇద్దరో ఉన్నారు. ఎంతకాలం ఉంటారు?

పేర్ల గందరగోళానికి మన వాళ్ల వంతు కూడా ఉన్నది. గెజిట్‌లో ఆషూర్‌ఖానా అని ఉంటుంది. రెవెన్యూ వారు పీర్ల చావిడి అని రాస్తారు. ఊరి వాళ్లు పంజా అంటారు. విజయవాడ పంజా సెంటర్ మీకు తెలిసినదే. ఈ మధ్య కొన్ని కమిటీలు ఈ పేర్లు తమకు నచ్చవని, దరఖాస్తులో మరో కొత్త పేరు పెట్టి పంపుతున్నాయి. పీర్ల పండుగ విషయంలో మీ మీ అభిప్రాయాలు మీవి, ఈ వేదిక దానికి కాదు. కానీ రికార్డులో ఒక స్థలానికి మూడు పేర్లు ఉంటే మూడింటినీ రాసి, ఇవి ఒకే స్థలమని చెప్పాలి. కొత్త పేరు నాలుగోది అవుతుంది, మొదటి మూడింటికి బదులు కాదు.

తురకపాలెం వంటి పేర్ల విషయం ఇంకా సున్నితమైనది. గుంటూరు దగ్గర ఆ పేరుతో ఊరు ఉన్నది, అటువంటి శివారు పాలేలు మరికొన్ని జిల్లాలలోనూ ఉన్నాయి. ఆ మాటలో అవమానం ఉన్నదని మన యువకులు అంటున్నారు. వారి బాధ మాకు అర్థమవుతుంది. మార్చుకోవడానికి మార్గం ఉన్నది. గ్రామం పేరు మార్పునకు కేంద్ర హోం శాఖ 1953 నుంచి పాటిస్తున్న పద్ధతి ఉన్నది. రాష్ట్రం ప్రతిపాదించాలి, రైల్వే, తపాలా, సర్వే ఆఫ్ ఇండియా అభ్యంతరం లేదనాలి. అడగవలసినది ఆ ఊరిలో నివసించేవారు. పట్నంలో కూర్చున్న మనం కాదు. మార్చినా పాత పేరు పూర్వనామంగా రికార్డులో నిలవాలని మా అభిప్రాయం. లేకపోతే ఆ పాలెం ఇనాం కాగితం ఒకటి రేపు దొరికినా అది ఏ ఊరిదో చెప్పేవాడు ఉండడు.

యంత్ర అనువాదం గురించి ఒక మాట. తెలుగు పేరు ఇంగ్లీషులోకి, ఇంగ్లీషు నుంచి మళ్లీ తెలుగులోకి కంప్యూటర్ ద్వారా తిరిగి వచ్చేసరికి ఈద్గా ఇడగ అయి, ఖబరస్తాన్ కాబరిస్తన్ అయి కనబడటం మేము చూశాము. నవ్వుకొని వదిలేస్తే అదే అధికారిక నామం అవుతుంది. తప్పు కనబడిన రోజునే కాగితం రాయాలి. ఉర్దూ మన రాష్ట్రంలో ద్వితీయ అధికార భాష. అడిగేవారు ఉంటే ఉర్దూ పేరును కూడా అధికారులచేత రాయించవచ్చు.

అక్షాంశ రేఖాంశాల విషయంలో కొంచెం ఆగుతాము, ఇక్కడ మన కుర్రవాళ్లు తొందరపడుతున్నారు. నందిగామ స్థానం సుమారు 16.77 ఉత్తరం, 80.29 తూర్పు. రెండు దశాంశాలతో ఊరు తెలుస్తుంది, ఊరిలో మసీదు తెలియదు. రెండో దశాంశంలో ఒక అంకె మారితే నేలమీద కిలోమీటరుకు పైగా తేడా. మూడో దశాంశంలో సుమారు నూటపది మీటర్లు, నాలుగోదానిలో పదకొండు మీటర్లు, ఐదోదానిలో ఒక మీటరు. కాబట్టి కనీసం ఐదు అంకెలు రాసుకోవాలి. రాసుకున్నంత మాత్రాన ఫోన్ అంత కచ్చితమని కాదు. ఆకాశం తెరిపిగా ఉన్నచోట కూడా ఫోన్ కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపుతుంది, చెట్లకింద ఇంకా ఎక్కువ. నాలుగు మూలలా నిలబడి ఒక్కొక్క మూలకు విడిగా తీసుకోవాలి. ఇంట్లో కూర్చొని పటం మీద వేలు పెట్టి తీసిన అంకెలు పక్కవాడి చేలో పడితే, ఆ పక్కవాడికి మనతో తగవు పెట్టుకోవడానికి మనమే కారణం ఇచ్చినవాళ్లమవుతాము.

ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ వంటి బహిరంగ పటాలలో ఎవరైనా ఉచితంగా పేర్లు చేర్చవచ్చు. ఒకే చోటుకు తెలుగు పేరు, ఉర్దూ పేరు, పాత పేరు వేరువేరు గడులలో రాసే వీలు అందులో ఉన్నది. మన డిగ్రీ విద్యార్థులు ఆ పని చేస్తే మేము సంతోషిస్తాము. కానీ పటంలో పేరు కనబడినంత మాత్రాన హక్కు రాదు. కోర్టు అడిగేది ఎస్‌ఎఫ్‌ఏ, ఎఫ్‌ఎంబీ, గెజిట్, ఈసీ. నిషేధిత జాబితాలో, అనగా రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ జాబితాలో, మన భూమి పాత నంబరుతోనే ఉండి కొత్త ఎల్‌పీఎం నంబరు చేరకపోతే, రిజిస్ట్రార్ కంప్యూటర్ ఆ కొత్త నంబరును ఆపదు. రెండింటినీ సరిచూసుకోవలసినది మనమే.

సర్వే, సరిహద్దుల చట్టంలో 13వ సెక్షన్ కింద తుది ప్రకటన వచ్చిన తరువాత సివిల్ కోర్టుకు వెళ్లడానికి మూడేళ్లే గడువు. మీ గ్రామంలో ఆ ప్రకటన ఏ తేదీన వచ్చిందో రేపే సచివాలయంలో అడిగి రాసుకోండి. చెప్పకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు ఇవ్వండి, ముప్పై రోజులలో జవాబు ఇవ్వాలి. కొన్నిచోట్ల అనేకమంది భూమి ఒకే జాయింట్ ఎల్‌పీఎంలో పడింది. మసీదు ఇనాం భూమి పక్క రైతులతో కలిసి ఒకే నంబరులో ఉంటే ఉపవిభజనకు వెంటనే దరఖాస్తు పెట్టాలి. ఈ సంవత్సరం జనగణన ఇళ్ల జాబితా కూడా ఫోన్ యాప్‌లో జరుగుతున్నది. మన పాలెం ఏ గ్రామపు శివారుగా, ఏ పేరుతో పలుకుతున్నదో గణకుని అడగండి. తెలుసుకోవడంలో తప్పు లేదు.

మేము ఒక పుస్తకం నమూనా తయారు చేశాము. ఖరీదైనది కాదు, నలభై పేజీల గళ్ల పుస్తకం. ప్రతి స్థలానికి ఒక పేజీ. జనం పిలిచే పేరు, చెప్పినవారి పేరు, వయసు, గెజిట్‌లోని పేరు, పైమాషీ నంబరు తెలిస్తే అది, సర్వే నంబరు, ఎల్‌పీఎం నంబరు, చెక్కుబందీ నాలుగు వైపులా, మూలల అంకెలు. అడుగున ఇద్దరు పొరుగువారి సంతకాలు, వారిలో ఒకరైనా ముస్లిమేతరులు. ఆడవారిని అడగడం మరువకండి. ఏ బావి పక్కన ఏ పీరు సమాధి ఉండేదో, ఏ గట్టుమీద పెళ్లివారు ఆగేవారో మా పర్యటనలలో ఎక్కువగా చెప్పినది వారే.

పుస్తకాలు ద్వారం దగ్గర బల్లమీద ఉన్నాయి. వత్సవాయి, పెనుగంచిప్రోలు వైపు నుంచి వచ్చినవారు ఒక్కొక్క గ్రామానికి రెండేసి తీసుకోండి. చందర్లపాడు, వీరులపాడు, కంచికచర్ల వారికి కూడా సరిపోతాయి. పూర్తిచేసిన పేజీలకు జిరాక్స్ తీయించి అసలు మీ వద్దే ఉంచుకోండి, నకలు మాకు ఇవ్వండి. వచ్చే నెల రెండో ఆదివారం ఇదే చోట కూర్చొని ఎస్‌ఎఫ్‌ఏ నకళ్లతో ఒక్కొక్కటి సరిపోల్చుదాము. పాత ఉర్దూ కాగితాలు ఇంట్లో ఉన్నవారు వాటిని లామినేషన్ చేయించకుండా, మడత విప్పకుండా, అట్టల మధ్య పెట్టి తీసుకురండి.